మూడో వరస చింతపిక్క

ఓడకు పదిహేడు రోజులు

ఆ రోజు మూడో వరసలో మందు ఒకసారి వేశానా, రెండుసార్లు వేశానా?

ఇరవై రెండేళ్ళుగా ఈ ప్రశ్న నాతోనే ఉంది. కూరలో ఉప్పు వేశానో లేదో అని అనుమానం వచ్చిన ప్రతిసారీ గుర్తొస్తుంది. ఉప్పు సంగతి రుచి చూస్తే తేలిపోతుంది. ఇది అలా తేలేది కాదు.

ఈ పుస్తకంలో ఇన్నాళ్ళూ నేను రాసిందల్లా ఒకటే రకం. నైట్రోజన్ పీపాలో మట్టం ఎంత ఉంది, ఎంత పోశాను, కణాల గది తుడిచాను. కొత్తమెట్టలో కణాల గదికి అంతకు మించి పని లేదు. ప్రయోగాలు చేసే కాలం పోయింది. ఏది అడగాలన్నా యంత్రాన్ని అడుగుతారు. దాని పేరు అంచనా. పాత రికార్డులన్నీ కలిపి చూసి, కాగితం ముక్క మీద జవాబు అచ్చువేసి ఇస్తుంది. నేను గడ్డకట్టించిన కణాలకు కాపలా ఉంటాను, అంతే.

ఇవాళ పొద్దున్న చుక్కల వరస అయిపోయాక నూకరత్నం వచ్చింది. తవుడు నూనె తీసే షెడ్డు ఆవిడదే. కేన్సర్ గడ్డలు రాకుండా రోజూ ఊరందరి నాలుక మీదా ఆ నూనె మూడేసి చుక్కలు వేసేదీ ఆవిడే. వస్తూనే తలుపు దగ్గరకు వేసి, పమిట జరిపి, చంక పక్కన వేలు పెట్టి చూపించింది. నొక్కి చూశాను. చింతపిక్కంత గట్టిగా తగిలింది. ఆ పోలిక ఎందుకు తట్టిందో తర్వాత అర్థమైంది.

"మిషన్ని అడిగానండి," అంటూ కాగితం ఇచ్చింది.

*చుక్కలు కొనసాగించండి. నాలుగు నెలల్లో గడ్డ తగ్గే అవకాశం నూటికి అరవై ఎనిమిది. ఈ ఓడ వదిలి తర్వాతి ఓడ వరకు ఆగవచ్చు.*

ఆస్పత్రి ఓడ నాలుగు నెలలకొకసారి వస్తుంది. ఎక్కినవాళ్ళు రెండు నెలల దాకా తిరిగి రారు. రత్నం ఆడబిడ్డ పోయినేడు వెళ్ళొచ్చింది. ఇప్పటికీ చెయ్యి పైకెత్తలేదు.

"ఆగమంది కదండీ, ఆగుతాను. నా చేత్తో తీసిన నూనె నాకు పనిచెయ్యదా ఏంటి?"

"మరి నా దగ్గరికెందుకొచ్చావు?"

"మిషను చెప్పింది, సరే. దానికి రొమ్ములున్నాయా డాక్టరమ్మా? మీరో మాట చెబితే నిశ్చింతగా ఉంటాను."

రెండు రోజులు ఆగమన్నాను. ఆవిడ వెళ్ళాక ఆ కాగితాన్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

ఓడకు పదహారు రోజులు

అంచనా ఉన్న ఇంటికి వెళ్ళాను. దాని బాగోగులు చూసే లోవరాజు గచ్చు మీద బాసిపట్టు వేసుకుని చద్దన్నం తింటున్నాడు.

"ఈ అరవై ఎనిమిది ఎక్కడినుంచి వచ్చింది?" అని అడిగాను.

చెయ్యి కడుక్కుని వచ్చి చూశాడు. "చుక్కల మోతాదు లెక్క కదా మేడమ్. పాత ప్రయోగం మీద కట్టింది."

"ఎన్ని ప్రయోగాల మీద?"

"ఒక్కటే. మిగతావన్నీ కింద పల్లంలో, మన పాత ఊళ్ళోనే నీళ్ళపాలయ్యాయి కదా." నవ్వాడు. "మీదే మేడమ్. కింద మీ పేరుంది."

నాకు తెలుసు. తెలిసినా ఇంకొకరి నోట వినాలనుకున్నానేమో.

మళ్ళీ ప్లేటు పెడతానన్నాను, అంటే గుంటల వరసలున్న పళ్ళెంలో కణాలు పెంచి, మందు వేసి, ఎన్ని మిగిలాయో లెక్కపెట్టడం. కణాల్ని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ నడవాలంటే రెండు వారాల పాటు కరెంటు కావాలి. కొత్తమెట్టలో అంత కరెంటు తినేది అంచనా ఒక్కటే. లోవరాజు గడ్డం గోక్కున్నాడు. "మధ్యాహ్నాలు దీన్ని ఆపేస్తాను. దానికీ కాస్త కునుకు కావాలి. ఎవరన్నా అడిగితే రిపేరని చెప్తాలెండి."

పీపాలో మిగిలినవి రెండే గొట్టాలు. రెండింటిలోనూ రొమ్ము కేన్సర్ కణాలే. ఒకటి తీసి గోరువెచ్చని నీళ్ళలో కరిగించాను. పదకొండేళ్ళయింది ఆ పని చేసి.

ఓడకు పద్నాలుగు రోజులు

మొదటి గొట్టంలోవి చచ్చిపోయాయి. మైక్రోస్కోపు కింద బూడిద నలకల్లా తేలుతున్నాయి. ఎప్పుడో ఒక వేసవిలో పీపా మట్టం తగ్గి ఉంటుంది. నా పుస్తకమే తిరగేసి చూశాను. ఆరేళ్ళ కిందటి వైశాఖంలో మూడు రోజులు ఖాళీ. జ్వరంతో పడుకున్నాను.

రెండో గొట్టం తీశాను. ఇది పోతే ఇక లేదు.

ఓడకు పన్నెండు రోజులు

బతికాయి. అన్నీ కావు, నూటికి పది ఉంటాయేమో. అడుగున అంటుకుని, కాళ్ళు చాపుకుని కూర్చున్నాయి. వాటిని చూడగానే నవ్వొచ్చింది. పెరిగి మనుషుల్ని చంపే కణాలు. అవి పెరుగుతున్నాయని సంతోషపడటం మా వృత్తిలోనే ఉంది.

రత్నం రోజూ వస్తోంది. వాకిట్లోనే నిలబడి, "మీ పిల్లలు లేచారా?" అంటుంది. లేచారంటాను. "పాలు తాగుతున్నారా?" తాగుతున్నారంటాను. అసలు అడగాల్సింది అడగదు. నేనూ చెప్పను.

ఇవాళ ఎర్రటి పోషక ద్రవం మారుస్తుంటే పల్లం గుర్తొచ్చింది. మా ప్రయోగశాల బియ్యం మిల్లు వెనక రెండు గదుల్లో ఉండేది. ఉప్పుడు బియ్యం ఆవిరి వాసన, బాయిలర్ చప్పుడు. కిటికీ చువ్వల మీద ఎప్పుడూ వేలు మందాన తవుడు ధూళి. కణాల గదిలోకి ధూళి రాకూడదని పేరిందేవి గారు తలుపుకు మూడు తడి దుప్పట్లు కట్టించేవారు. ఆవిడ నాకు గురువు. నాకు తెలిసిన పనంతా ఆవిడ చేతులు చూసి నేర్చుకున్నదే.

మొదటి రోజే చెప్పారు. "విటమిన్ ఇ అంటే ఒకటి కాదే వకుళా. ఎనిమిది మంది అక్కచెల్లెళ్ళు. పెద్దవాళ్ళు నలుగురు టోకోఫెరాల్‌లు, ఏ గింజ నూనెలో చూసినా ఉంటారు, పేరంతా వాళ్ళదే. చిన్నవాళ్ళు నలుగురు టోకోట్రైనాల్‌లు. వాళ్ళు తవుడులో కూర్చున్నారు. గేదెలకి పెట్టే తవుడులో ఎవరున్నారో ఎవరు చూస్తారు? మనం చూద్దాం."

ఆ చిన్నవాళ్ళు తగిలితే కేన్సర్ కణాల పెరుగుదల మందగిస్తుందని ఆవిడ నమ్మకం. ఎంత తగిలితే అన్నదే మా పని.

ఓడకు తొమ్మిది రోజులు

కణాలు సీసా అడుగంతా పరుచుకున్నాయి. ఎల్లుండి ప్లేటు పెట్టొచ్చు.

అది రాయకుండా ఎన్నాళ్ళు తప్పించుకుంటాను? రాస్తాను.

ప్లేటులో మందు వేసేటప్పుడు పేరిందేవి గారిది ఒక పద్ధతి. ఎడమ పక్క గిన్నెలో వరసకొకటి చొప్పున నాలుగు చింతపిక్కలు. ఒక వరస వేయడం కాగానే ఒక పిక్క కుడి గిన్నెలోకి జరగాలి. నీళ్ళలాంటి మందు ఆ ఎర్రటి ద్రవంలో పడి కలిసిపోతే కంటికేం తెలుస్తుంది? పిక్కే సాక్షి. మొదటి వరసకు మందు లేదు, ఉత్త ద్రవం. రెండో వరసకు కొంచెం. మూడో దానికి అంతకు రెట్టింపు. నాలుగో దానికి మూడో దానికి రెట్టింపు. అనుమానం వస్తే ప్లేటు పారెయ్యాలి. అది ఆవిడ నియమం.

ఆ రోజు మిల్లు ఆవరణలోకి మొదటిసారి సముద్రం వచ్చింది. ఉప్పెనలా కాదు, చీలమండల దాకా, మెల్లగా, చుట్టపుచూపుగా వచ్చినట్టు. బయట అంతా నవ్వులు. హమాలీలు తాటాకు బుట్టలతో చేపలు పడుతున్నారు. నేను మందు కొలిచి వేసే పిపెట్ పట్టుకునే కిటికీ దగ్గరికి వెళ్ళాను. ధాన్యం కుప్పల మధ్య నుంచి ఒక చేప వెండి రంగులో మెరిసి పోయింది. ఎంత అందంగా ఉందో. ఆ మిల్లును అంత అందంగా నేనెప్పుడూ చూడలేదు.

తిరిగొచ్చేసరికి ఎడమ గిన్నెలో రెండు పిక్కలున్నాయి. మూడో వరసదీ, నాలుగో వరసదీ. మూడో వరసలో మందు వేసి పిక్క జరపడం మరిచానా, అసలు మందే వెయ్యలేదా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. పారేస్తే మూడు వారాల కణాలు పోతాయి. శుద్ధి చేసిన తవుడు సారం అడుగున గుక్కెడే ఉంది. మూడో వరసలో వేశాను. మళ్ళీనో, మొదటిసారో. పిక్క జరిపాను.

పేరిందేవి గారు తడి దుప్పటి తొలగించుకుని వచ్చి, "పిక్కలన్నీ దాటాయా?" అన్నారు.

"దాటాయి మేడమ్."

మూడు రోజుల తర్వాత లెక్కపెడితే, మందు లేని వరసలో నూరు కణాలున్నచోట మూడో వరసలో నలభై తొమ్మిది, నాలుగో వరసలో నలభై ఆరు. ఇంచుమించు సమానం. ఆవిడ సంబరపడిపోయారు. "చూశావా? రెట్టింపు అవసరమే లేదు, సగం చాలు," అన్నారు. ఆ సాయంత్రం మిల్లు గేటు దగ్గర నుంచి మిరపకాయ బజ్జీలు తెప్పించారు. నేను మూడు తిన్నాను.

మూడో వరసలో రెండుసార్లు పడి ఉంటే, అందులోనూ నాలుగో వరసంత మందే ఉన్నట్టు. రెండూ సమానంగా రాక ఏమవుతాయి? మళ్ళీ చేద్దామనుకునేలోపు ఆ చుట్టపు సముద్రం వెనక్కి వెళ్ళడం మానేసింది. మేం మెట్ట ఎక్కాం. ఇక్కడ ఊరికి చుక్కలు మొదలుపెట్టినప్పుడు మూడో వరస లెక్కన మూడు చుక్కలని నిర్ణయించారు.

ఇంకొకటి ఉంది. తొమ్మిదేళ్ళ కిందట పేరిందేవి గారికి గడ్డ వచ్చింది. ఓడ ఎక్కమన్నాను. రెండు ఓడలు వదిలేశారు. "ఎందుకే, నీ మూడో వరస ఉందిగా," అన్నారు. అప్పుడైనా చెప్పొచ్చు. బహుశా ఒకసారే వేసి ఉంటానని నాకు నేను చెప్పుకున్నాను. మూడో ఓడ వచ్చేసరికి ఎక్కే ఓపిక ఆవిడకు లేదు.

ఓడకు ఆరు రోజులు

నిన్న ప్లేటు పెట్టాను, ఇవాళ మందు వేశాను. రత్నాన్ని పిలిచాను.

"మందు నేను వేస్తాను. నువ్వు పిక్క జరుపు. అయ్యేదాకా నాతో మాట్లాడకు."

"నన్ను మాట్లాడొద్దన్నవాళ్ళు మీరే మొదలండి," అంది కానీ పమిట నడుం చుట్టూ దోపి కూర్చుంది. ఒక్కో వరస అవగానే పిక్క జరిపి నావైపు చూసింది. నాలుగూ దాటాయి. చెయ్యి దించాక అడిగింది.

"ఇంత చిన్న పనికి ఇద్దరెందుకండీ?"

చెప్పాను. కిటికీ, చేప, పిక్క, బజ్జీలు, పేరిందేవి గారు. ఏదీ మిగల్చకుండా చెప్పాను.

రత్నం కుడి గిన్నెలోని పిక్కల్ని వేలితో అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయింది.

"అయితే నేనిన్నేళ్ళూ ఊరందరి నోట్లో..." అని ఆగింది. తర్వాత, "పేరిందేవమ్మ గారి నోట్లో వేసిందీ నేనేనండి. ఆఖర్రోజు దాకా. నోరు తెరవలేకపోతే దూదితో అద్దేదాన్ని."

లేచి వెళ్ళిపోయింది. చెప్పులు వాకిట్లోనే మరిచిపోయింది.

ఓడకు నాలుగు రోజులు

నిన్న రాలేదు. ఇవాళా రాలేదు. చుక్కల వరసలో నా వంతు వచ్చినప్పుడు మూడు చుక్కలూ వేసింది, నా కళ్ళలోకి చూడలేదు. చెప్పులు తీసుకెళ్ళి షెడ్డు గడప దగ్గర పెట్టి వచ్చాను.

ఇంక్యుబేటర్ దగ్గర కూర్చుని ఏం కోరుకోవాలో తెలియలేదు. మూడో వరసలో కణాల పెరుగుదల ఆగితే నేను ఏ తప్పూ చెయ్యనట్టు, రత్నం ఈ ఓడ ఎక్కకుండా ఆగొచ్చు. ఆగకపోతే రత్నం ఓడ ఎక్కి బతకొచ్చు, నేను పేరిందేవి గారిని చంపేసినట్టు. నా కోసం ఒకటి, ఆవిడ కోసం ఒకటి. ఏది ముందు కోరుకున్నానో రాయను.

ఓడకు మూడు రోజులు

లెక్కపెట్టడం మొదలుపెట్టబోతుంటే తలుపు చప్పుడైంది. రత్నం. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి.

"నాకూ చూపించండి," అంది.

మైక్రోస్కోపులో చూడటం నేర్పాను. ఒక కన్ను మూయడానికి తంటాలు పడింది. "ఇయ్యేనా, ఇంత గోల చేసేవి? ఉడికిన సగ్గుబియ్యంలా ఉన్నాయి," అంది. ఒక్కో వరసా మూడేసి సార్లు లెక్కపెట్టాను. లోవరాజు కూడా వచ్చి అంకెలు రాసుకున్నాడు.

మందు లేని వరస నూరు. రెండో వరస తొంభై ఏడు. మూడో వరస ఎనభై ఆరు. నాలుగో వరస నలభై ఏడు.

"అంటే?" అంది రత్నం.

"అంటే మూడు చుక్కలు చాలవు."

"రెండుసార్లు వేశారన్నమాట మీరు."

"అలాగే కనిపిస్తోంది."

లోవరాజు కిటికీ బయటకు చూస్తున్నాడు. రత్నం అంకెల కాగితం దగ్గరకు లాక్కుంది. "ఒకటడుగుతాను. ఈ తవుడు మెట్ట ధాన్యం తవుడండి. చిన్నప్పుడు పల్లంలో మిల్లు దగ్గర తవుడెత్తేదాన్ని. ఆ తవుడు పిడికిట పడితే ముద్దయ్యేది, చేతికి జిడ్డు. ఇది ఇసకలా జారిపోద్ది. ఇందులో ఆ చెల్లెళ్ళు నలుగురూ సగమే ఉన్నారేమో. అప్పుడు మీరు ఒకసారే వేసుంటారు. ఇప్పుడు సరుకే పల్చన."

"ఆ సంగతి నాకెప్పుడూ చెప్పలేదే?"

"మీరెప్పుడు అడిగారండీ? నూనె ఎన్ని సీసాలని అడిగారంతే."

నిజమే. సారాన్ని కొలిచే యంత్రం పల్లంలోనే పోయింది. నూనె నూనేనని అనుకున్నాం. ఆవిడ మాట నిజం కావచ్చు. నా మొహం చూసి జాలిపడి అప్పటికప్పుడు అల్లిన ఓదార్పూ కావచ్చు. ఏదైనా ఊరికి ఫలితం ఒకటే, ఇప్పుడు నాలుక మీద పడుతున్నది చాలదు. నాకు మాత్రం రెండూ ఒకటి కావు.

"పోనీ ఆరు చుక్కలు వేసుకుని ఆగితే?" అంది గొంతు తగ్గించి. ఇన్ని రోజులుగా ఆవిడ అడగాలనుకున్నది ఇదేనని అర్థమైంది.

"ఇది ప్లేటు రత్నం. ప్లేటులో కణాల మీద మందు నేరుగా పడుతుంది. నీ నాలుక మీద వేసింది కడుపులోకి పోయి, కాలేయం దాటి, ఆ గడ్డ దాకా ఎంత చేరుతుందో నాకు తెలీదు. అరవైయెనిమిదీ తెలీదు, ఆరూ తెలీదు. ఓడలో వాళ్ళు గడ్డ తీసేస్తారన్నది మాత్రం తెలుసు."

"తెలీదని చెప్పడానికి ఇరవై రెండేళ్ళు పట్టిందన్నమాట," అంది. ఎత్తిపొడుపే. కానీ అంటూ అంటూ నా చెయ్యి పట్టుకుంది. "ఎక్కుతాను లెండి. షెడ్డు తాళం మీకిస్తాను. తవుడు ఆ రోజుది ఆ రోజే వేడి చెయ్యండి, లేకపోతే కంపు కొడుతుంది. మా ఆడబిడ్డ చెబితే వినకండి, ఆవిడ అన్నీ రేపంటుంది."

ఓడ వచ్చిన రోజు

రేవులో పదిహేడు మంది ఎక్కారు. రత్నం ఒక చేత్తో సంచి, ఒక చేత్తో ఊరగాయ జాడీ పట్టుకుని నిచ్చెన ఎక్కింది. ఓడ నర్సు జాడీ వద్దంటే, "మీక్కూడా పెడతాను, ఊరుకోండి," అనడం ఒడ్డు దాకా వినిపించింది.

ఎక్కేముందు కొంగుముడి విప్పి నా అరచేతిలో ఒక చింతపిక్క పెట్టింది. "ఆ రోజు మీ బల్ల మీంచి తీశానండి, కోపంలో. మూడోది."

ఓడ వెళ్ళిన తొమ్మిదో రోజు

చుక్కల వరస ముందు ఇప్పుడు రత్నం చోట నేను నిలబడి చుక్కలు వేస్తున్నాను. లోవరాజు కొత్త ప్లేటు అంకెలు అంచనాకు ఇచ్చాడు. అరవై ఎనిమిది ఇప్పుడు ముప్ఫై ఒకటి అయింది. ఆ కాగితాన్ని షెడ్డు తలుపుకు అంటించి, పాత ప్లేటులో ఏం జరిగిందో కింద నా చేతి రాతతో రాసి, సంతకం పెట్టాను. కొందరు చదివి, చుక్కల కోసం మామూలుగానే నోరు తెరుస్తున్నారు. ఒకాయన వరసలోంచి తప్పుకుని వెళ్ళిపోయాడు. ఒక ముసలావిడ మాత్రం, "పేరిందేవమ్మకి తెలుసా ఇది?" అని అడిగింది. తెలీదన్నాను. "పోనీలే, నిశ్చింతగా పోయింది," అంది. అది నాకు మేలు చేసే మాటో కాదో ఇంకా ఆలోచిస్తున్నాను.

పొద్దున్నే తవుడు వేడి చేస్తుంటే ఆ పాత వాసన కొద్దిగా తగులుతుంది. ఒక్క క్షణం మిల్లు బాయిలర్ చప్పుడు, తడి దుప్పట్లు, ఆవిడ గొంతు. పిడికిట పట్టి చూస్తాను. జారిపోతుంది. పల్లం తవుడు ముద్దయ్యేదా? నేను దాని పక్కనే అయిదేళ్ళు పనిచేసి, ఒక్కసారీ పిడికిట పట్టి చూడలేదు.

రత్నం నుంచి ఇంకా కబురు లేదు.

ఇంత తెలిశాక కూడా, ఆ రోజు ఒకసారి వేశానో రెండుసార్లు వేశానో నేను చెప్పలేను. పేరిందేవి గారు నా మాట నమ్మి పోయారో, తవుడు పల్చనై పోయారో, రోగం ముదిరి ఎలాగూ పోయేవారో చెప్పలేను. పల్లం తవుడు మళ్ళీ దొరకదు కాబట్టి ఇకపైన కూడా చెప్పలేనేమో. ఆ పిక్క నా బల్ల మీద రెండు గిన్నెల మధ్య ఉంది. ఏ గిన్నెలో వెయ్యాలో నాకు తెలియడం లేదు.